ఆ బాల్కనీ కింద నిలబడ్డ జనం

1968 ఆగస్టు 21. రుమేనియా రాజధాని బుకారెస్ట్ నడిబొడ్డున ఉన్న ప్యాలెస్ స్క్వేర్‌లో దాదాపు లక్ష మంది పోగయ్యారు. ముందురోజు రాత్రే సోవియట్ ట్యాంకులు చెకోస్లోవేకియాలోకి దూసుకెళ్లాయి. వాటి వెంట పోలండ్, హంగరీ, బల్గేరియా సైన్యాలూ వెళ్లాయి. ఆ దేశాలతో పాటు సోవియట్ నాయకత్వంలోని వార్సా సైనిక కూటమిలో ఉన్న రుమేనియా మాత్రం ఒక్క సైనికుణ్ని కూడా పంపలేదు. కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ భవనం బాల్కనీలోకి యాభై ఏళ్ల మనిషి ఒకడు వచ్చాడు. ఈ దాడి ఘోరమైన తప్పు, ఐరోపా శాంతికి పెద్ద ప్రమాదం అని మైకులో అందరికీ వినపడేలా చెప్పాడు. రేపు మన మీదికి వస్తే ఎదుర్కోవడానికి కార్మికులతో, రైతులతో సాయుధ దళాలు కడతామన్నాడు. కింద జనం హోరెత్తిపోయారు. అప్పటిదాకా పార్టీకి దూరంగా ఉన్న రచయితలు కొందరు ఆ రోజుల్లోనే సభ్యత్వం తీసుకున్నారు.

ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 1989 డిసెంబర్ 21న, అదే మనిషి అదే బాల్కనీలో నిలబడ్డాడు. మళ్లీ కింద లక్ష మంది. మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికే గుంపులోంచి కేకలు లేచాయి. ఆయన చెయ్యెత్తి "హలో, హలో" అంటూ ఉండిపోయాడు. టీవీలో దేశమంతా ఆ మొహాన్ని చూసింది. నాలుగు రోజులు తిరక్కుండానే ఆయన్నీ, ఆయన భార్యనీ ఒక సైనిక స్థావరంలో గోడకు నిలబెట్టి కాల్చి చంపారు.

ఆయన పేరు నికొలాయ్ చౌషెస్కు. నియంతల కథ చదివినప్పుడల్లా మనకు వచ్చే మొదటి ప్రశ్న, జనం ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారని. రుమేనియా గురించి చదివేకొద్దీ నాకు దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉందనిపించింది. జనం అసలు ఎందుకు నమ్మారు? 1968 నాటి ఆ చప్పట్లు భయంతో కొట్టినవి కావు. మనస్ఫూర్తిగా కొట్టినవి. ఆ తర్వాత జరిగిన చాలా ఘోరాలకు మూలం ఆ నమ్మకంలోనే ఉందని నా అభిప్రాయం. అది ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

చెప్పుల దుకాణం నుంచి పార్టీ ఆఫీసుకి

చౌషెస్కు 1918 జనవరిలో స్కోర్నిచెష్టి అనే పల్లెలో పేద రైతు ఇంట్లో పుట్టాడు. పదకొండేళ్లకే బుకారెస్ట్ వచ్చి చెప్పులు కుట్టే పని నేర్చుకున్నాడు. కమ్యూనిస్టు పార్టీని అప్పటికే, 1924లోనే, నిషేధించారు. ఈ కుర్రాడు కరపత్రాలు పంచుతూ పదిహేనేళ్లకే పోలీసులకు దొరికాడు. తర్వాత దోఫ్తానా జైలు, యుద్ధ కాలంలో తిర్గు జియు నిర్బంధ శిబిరం. ఆయనకు బడి, కాలేజీ అన్నీ అవే. తిర్గు జియులో గియోర్గియు దేజ్ అనే రైల్వే కార్మిక నాయకుడి చుట్టూ ఒక గుంపు ఉండేది. చౌషెస్కు దేజ్‌కు నమ్మినబంటు అయ్యాడు. రేపు దేశాన్ని ఏలబోయేది ఆ గుంపేనని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు.

ఎందుకంటే 1944లో ఆ పార్టీకి దేశం మొత్తం మీద ఉన్నది సుమారు వెయ్యి మంది సభ్యులు. రుమేనియా కథలో ఇదే అసలు ముడి. వెయ్యి మంది ఉన్న పార్టీ మూడేళ్లలో అధికారం ఎలా చేజిక్కించుకుంది? సోవియట్ ఎర్ర సైన్యం వచ్చి కూర్చుంది కాబట్టి. 1944 ఆగస్టు 23న యువరాజు వయసులో ఉన్న రాజు మిహాయ్, హిట్లర్‌తో చేయి కలిపిన మార్షల్ ఆంతొనెస్కును అరెస్టు చేయించి దేశాన్ని మిత్రరాజ్యాల వైపు తిప్పాడు. ఆ లాభం మాత్రం దేశంలోకి వచ్చిన సోవియట్ సేనలకు దక్కింది. 1945 మార్చిలో మాస్కో ఒత్తిడితో కొత్త ప్రభుత్వం ఏర్పడింది. 1946 ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగింది. 1947 డిసెంబర్ 30న రాజు చేత బలవంతంగా రాజీనామా పత్రం మీద సంతకం పెట్టించారు.

కాబట్టి ఆ పార్టీని జనం తమ పార్టీ అనుకోలేదు. పరాయి సైన్యం భుజాల మీద ఎక్కి వచ్చిన పార్టీ అది. ఆ లోటు నాయకులకూ తెలుసు. ఆ ఖాళీని దేజ్ మొదట భయంతో నింపాడు. 1948లో సెక్యురిటాటె అనే రహస్య పోలీసు సంస్థ పుట్టింది. పితెష్టి జైలులో ఖైదీల చేతే ఖైదీలను హింసింపజేశారు. డాన్యూబ్ నది నుంచి నల్లసముద్రానికి కాలువ తవ్వే పేరుతో వేలాది మందిని వెట్టిచాకిరీ శిబిరాలకు తోలారు. రైతుల భూములు లాక్కుని సమష్టి క్షేత్రాల్లో కలిపారు. ఈ చివరి పనిలో చౌషెస్కు చేతులూ ఉన్నాయి. 1957 డిసెంబర్‌లో వాదు రోష్కా పల్లెలో ఎదురుతిరిగిన రైతుల మీద కాల్పులు జరిగాయి, తొమ్మిది మంది చనిపోయారు. ఆ ప్రాంతంలో అణచివేత నడిపించిన వాళ్లలో చౌషెస్కు ఒకడు.

కాలం గడిచేకొద్దీ దేజ్ ఇంకో దారి పట్టాడు. 1958లో సోవియట్ సేనలు దేశం వదిలి వెళ్లేలా ఒప్పించాడు. మీరు పంటలు పండించండి, పరిశ్రమలు మేం పెట్టుకుంటాం అన్న ధోరణిలో మాస్కో నుంచి ప్రణాళిక వస్తే కుదరదన్నాడు. 1964 ఏప్రిల్‌లో, ఏ పార్టీ దారి ఆ పార్టీదే అని బహిరంగ ప్రకటన చేశాడు. రాజకీయ ఖైదీలను వదిలేశాడు. జనానికి మొదటిసారి కాస్త ఊపిరి ఆడింది.

1965 మార్చిలో దేజ్ క్యాన్సర్‌తో చనిపోయాడు. వారసుడిగా అందరూ అనుకున్నది గియోర్గె అపోస్తోల్‌ని. హోం శాఖ, సెక్యురిటాటె చేతిలో ఉన్న ద్రెగిచ్ అంటే మిగతా వాళ్లకు భయం. పెద్దమనిషిగా పేరున్న ప్రధాని మావురెర్ అందరికీ ఆమోదమైన రాజీ అభ్యర్థిగా చౌషెస్కుని ముందుకు తోశాడు. వయసులో చిన్నవాడు, మాట నత్తి, పెద్ద చదువు లేదు, మన చెప్పుచేతల్లో ఉంటాడు అనుకున్నారు. వాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. పదేళ్లుగా పార్టీలో ఎవరిని ఏ జిల్లాకు వేయాలి, ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలి అన్నది చూసుకుంటున్నది ఈయనే. కింద కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఆయన వేసినవాళ్లే.

పై కుర్చీ ఎక్కాక ఆయన నడిచిన తీరు చూడండి. ఒకరికి రెండు పదవులు ఉండకూడదని 1965లో నియమం పెట్టించాడు. దాంతో ద్రెగిచ్ హోం శాఖ వదులుకోవాల్సి వచ్చింది. రెండేళ్లకు, 1967 డిసెంబర్‌లో, అదే నియమాన్ని పక్కనపెట్టి పార్టీ పదవితో పాటు దేశాధినేత పదవి కూడా తానే తీసుకున్నాడు. 1968 ఏప్రిల్‌లో పాత ఫైళ్లు బయటికి తీశాడు. 1954లో అన్యాయంగా చంపిన సొంత పార్టీ నాయకుడు పత్రష్కాను నిర్దోషి అని ప్రకటించి, ఆ నేరం దేజ్ మీద, ద్రెగిచ్ మీద వేశాడు. చనిపోయిన గురువు మచ్చపడ్డాడు, బతికున్న పోటీదారు ఇంటికిపోయాడు. జనానికి ఇది న్యాయం జరిగినట్టే కనిపించింది. ద్రెగిచ్ పోలీసులంటే ఒళ్లు మండిపోయి ఉన్నారు మరి. నాలుగు నెలలు గడిచాయో లేదో, ఆ బాల్కనీ ప్రసంగం.

మాస్కోకి ఎదురు, ఇంట్లో తాళం

అప్పటి నుంచి పశ్చిమ దేశాలకు చౌషెస్కు ముద్దుబిడ్డ. 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బుకారెస్ట్ వచ్చాడు. 1972లో రుమేనియాకు అంతర్జాతీయ ద్రవ్యనిధిలో సభ్యత్వం దొరికింది. 1975లో అమెరికా వాణిజ్య రాయితీలు ఇచ్చింది. 1978లో బ్రిటన్ రాణి బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో అతిథిగా ఉంచుకుని నైట్ బిరుదు ఇచ్చింది. ఇంట్లో కూడా మొదట కొన్నేళ్లు బాగానే ఉంది. పల్లెల నుంచి వచ్చిన లక్షల కుటుంబాలకు నీళ్లూ కరెంటూ ఉన్న ఫ్లాట్లు దొరికాయి. ఫ్రెంచ్ రెనో లైసెన్సుతో డాచియా కార్లు వచ్చాయి. ఈ మంచిని కొట్టిపారేస్తే, ఇప్పటికీ అక్కడి పెద్దవాళ్లు ఆ రోజుల గురించి ఎందుకు బెంగగా మాట్లాడతారో మనకు అర్థం కాదు.

కానీ ఒక దేశం స్వతంత్రంగా ఉండటం వేరు, ఆ దేశంలో మనుషులు స్వతంత్రంగా ఉండటం వేరు. చౌషెస్కు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని లాక్కున్నాడు. మాస్కోను ఎదిరించినవాడు కాబట్టి బయటి దేశాలు లోపల ఏం జరుగుతుందో గట్టిగా అడగలేదు. ఎదురు మాట్లాడిన వాడు దేశద్రోహి అయ్యాడు, రష్యా వాడికో హంగరీ వాడికో తొత్తు అయ్యాడు. దేశం జనాభాలో పెద్దదవ్వాలి, దేశం ఎవరికీ బాకీ ఉండకూడదు, దేశానికి గొప్ప రాజధాని ఉండాలి. వింటే అన్నీ మంచి మాటలే. ఆ మూడు మాటలే మనుషుల ప్రాణం తీశాయి. మొదటిది ఆడవాళ్ల ప్రాణం.

డిక్రీ 770

చాలామంది ఈ కథను 1971 నుంచి మొదలుపెడతారు. అప్పటిదాకా మంచివాడే, తర్వాత పాడయ్యాడు అంటారు. అది నిజం కాదు. బాల్కనీ ప్రసంగానికి రెండేళ్ల ముందే, 1966 అక్టోబర్‌లో, డిక్రీ 770 అనే ప్రభుత్వ ఆదేశం వచ్చింది. 45 ఏళ్లు దాటినవాళ్లకు, అప్పటికే నలుగురు పిల్లలున్నవాళ్లకు, ఇంకా ఒకటి రెండు ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప అబార్షన్ నేరం.

అప్పటికి రుమేనియాలో గర్భనిరోధక సాధనాలు దాదాపు దొరికేవి కావు. ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళుతున్నారు, ఇళ్లు ఇరుకు, జీతాలు చాలవు. అబార్షన్ ఒక్కటే దారి. 1965లో ఒక్కో కాన్పుకు నాలుగు అబార్షన్లు జరిగాయి. పరిష్కారం కావాలంటే మాత్రలు, ఇళ్లు, బాలవాడీలు ఇవ్వాలి. ప్రభుత్వం వాటి జోలికి పోకుండా ఉన్న ఒక్క తలుపు మూసేసింది. 1966లో 2 లక్షల 73 వేల మంది పిల్లలు పుడితే, 1967లో 5 లక్షల 27 వేల మంది పుట్టారు. ఏడాదిలో దాదాపు రెట్టింపు. ప్రసూతి వార్డుల్లో ఒకే మంచం మీద ఇద్దరేసి తల్లులు. ఆ పిల్లలు పెరిగేకొద్దీ ప్రతి దశలోనూ బళ్లు చాలలేదు, తర్వాత ఉద్యోగాలు చాలలేదు. వాళ్లను అక్కడ 'డిక్రీ పిల్లలు' అనే పిలుస్తారు.

కొన్నేళ్లకు జననాల రేటు మళ్లీ పడిపోవడం మొదలైంది. ఆడవాళ్లు దొంగచాటు దారులు వెతుక్కున్నారు. డబ్బున్నవాళ్లకు డాక్టరు దొరికేవాడు, లేనివాళ్లకు సూదులు, గొట్టాలు, నాటువైద్యం. ప్రభుత్వం పట్టు ఇంకా బిగించింది. ఇరవై అయిదేళ్లు దాటినా పిల్లలు లేనివాళ్లకు అదనపు పన్ను. ఎనభైల్లో ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లకు స్త్రీ వైద్య పరీక్షలు తప్పనిసరి చేశారు. గర్భం మొదట్లోనే కనిపెడితే తీయించుకోలేరని లెక్క. రక్తస్రావంతో ఆసుపత్రికి వచ్చిన మనిషి దగ్గరికి డాక్టరుతో పాటు పోలీసు కూడా వచ్చేవాడు. ఎవరు చేశారో పేరు చెప్తేనే వైద్యం. పేరు చెప్పకుండా చనిపోయినవాళ్లు ఉన్నారు. ఆ డిక్రీ అమలులో ఉన్న ఇరవై మూడేళ్లలో దొంగ అబార్షన్ల వల్ల చనిపోయిన ఆడవాళ్లు దాదాపు పది వేల మంది అని అంచనా. ఎనభైల చివరికి ప్రసూతి మరణాల్లో ఐరోపా మొత్తం మీద రుమేనియాదే మొదటి స్థానం.

ఇది చదువుతుంటే నాకు మన ఎమర్జెన్సీ నాటి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు గుర్తొస్తాయి. అక్కడ కనమని బలవంతం, ఇక్కడ కనొద్దని బలవంతం. రెండు చోట్లా మనిషి ఒంటి మీద లెక్క రాసుకున్నది సర్కారే. తేడా ఏమిటంటే మనకు 1977లో ఎన్నికలు వచ్చాయి. ఆ కోపం బ్యాలెట్ పెట్టెలోకి వెళ్లింది. రుమేనియా ఆడవాళ్లకు ఆ పెట్టె లేదు.

కన్నవాళ్లు పెంచలేక వదిలేసిన పిల్లలు ప్రభుత్వ అనాథాశ్రమాలకు చేరారు. 1989 చివర్లో తలుపులు తెరిచేసరికి అక్కడ లక్ష మందికి పైగా పిల్లలున్నారు. చాలామందికి తల్లీతండ్రీ ఉన్నారు. మంచాలకు కట్టేసిన పిల్లలు, ఎత్తుకునే చెయ్యి లేక తమను తామే ఊపుకుంటున్న పిల్లలు. శుభ్రం చేయని సూదుల వల్ల, పరీక్షించని రక్తం వల్ల వేల మంది పసివాళ్లకు ఎయిడ్స్ సోకింది. ఆ రోగం మా దేశంలో లేదని పాలకులు చెప్పుకున్నందువల్ల దాని మీద జాగ్రత్తే లేకపోయింది. ఆ ఫొటోలు చూసినవాళ్లు మర్చిపోలేరు.

1971 ప్రయాణం

1971 జూన్‌లో చౌషెస్కు చైనా, ఉత్తర కొరియా వెళ్లాడు. ప్యాంగ్యాంగ్‌లో వేల మంది ఒక్క మనిషి కోసం ఒకేలా కదలడం చూశాడు. తిరిగొచ్చిన కొద్ది రోజులకే, జులైలో, కళలు, సాహిత్యం, పత్రికలు అన్నీ పార్టీ సేవలోకి రావాలని ఆదేశాలు ఇచ్చాడు. 1974లో దేశాధ్యక్ష పదవి సృష్టించుకుని రాజదండం పట్టుకుని ప్రమాణం చేశాడు. పెద్ద చదువు లేని భార్య ఎలెనా రసాయన శాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని, అకాడమీ సభ్యురాలై, 1980 నాటికి మొదటి ఉప ప్రధాని అయింది. కొడుకు, తమ్ముళ్లు, బావమరుదులు అందరికీ కుర్చీలు. ఆయన్ను పైకి తెచ్చిన మావురెర్ 1974లో ఇంటికి వెళ్లిపోయాడు. ఇక కాదు అని చెప్పే గొంతు చుట్టూ ఒక్కటీ మిగల్లేదు. తర్వాతి దశకంలోని తప్పులకు ఇదే పెద్ద కారణం.

బాకీ తీర్చిన దేశం

రుమేనియాకు సొంత చమురు ఉంది. ప్లోయెష్టి బావులు పాతకాలం నుంచీ పేరున్నవి. డెబ్బైల్లో చౌషెస్కు పశ్చిమ దేశాల బ్యాంకుల నుంచి అప్పులు తెచ్చి భారీ రిఫైనరీలు, ఉక్కు, పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలు కట్టాడు. అయితే 1976 తర్వాత సొంత చమురు తగ్గిపోతూ వచ్చింది. రిఫైనరీలు మాత్రం అంతకు రెట్టింపు ముడిచమురు అడుగుతున్నాయి. తూర్పు ఐరోపాలో మిగతా దేశాలకు సోవియట్ చమురు చవగ్గా వచ్చేది. మాస్కోతో దూరం పెంచుకున్న రుమేనియాకు ఆ సదుపాయం లేదు, బయటి ధర పెట్టి ఇరాన్ లాంటి దేశాల నుంచి కొనాలి. 1977 మార్చి భూకంపం 1,500 మందికి పైగా ప్రాణాలు తీసి, బుకారెస్ట్‌ను దెబ్బకొట్టింది. 1979లో ఇరాన్ విప్లవంతో చమురు ధర ఎగబాకింది. అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగి అప్పుల మీద వడ్డీ కూడా పెరిగింది. 1981 నాటికి విదేశీ అప్పు వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. వాయిదాలు కట్టలేక బ్యాంకుల ముందు చేతులు కట్టుకోవాల్సి వచ్చింది.

పోలండ్‌దీ అదే పరిస్థితి. వాళ్లు వాయిదాలు పెంచుకుంటూ నెట్టుకొచ్చారు. చౌషెస్కుకు మాత్రం అది అవమానం అనిపించింది. మొత్తం అప్పు, అసలుతో సహా, 1990 లోపే తీర్చేయాలని పంతం పట్టాడు. ఎలా? దేశంలో అమ్మదగ్గదల్లా బయటికి అమ్మి, బయటి నుంచి కొనేది ఆపేసి. ఫ్యాక్టరీ సరుకు నాణ్యత తక్కువ, దాన్ని ఎవరూ కొనరు. ఎవరైనా కొనేది తిండి. మాంసం, గుడ్లు, వెన్న, గోధుమ ఓడలెక్కాయి.

మనకు రేషన్ అంటే బజారు ధర కంటే చవగ్గా వచ్చే బియ్యం, ఆ పైన కావాలంటే కొనుక్కుంటాం. అక్కడ రేషన్ అంటే అదే గరిష్ఠం. చాలా ఊళ్లలో రోజుకు మనిషికి 300 గ్రాముల బ్రెడ్, నెలకు కిలో పంచదార, లీటరు నూనె. ఒక నెలకు మించి సరుకు ఇంట్లో దాస్తే జైలు. తెల్లవారుజామున నాలుగింటికే ముసలివాళ్లు సంచులతో క్యూలో నిలబడేవాళ్లు, ఏం వస్తుందో తెలియకుండానే. కసాయి కొట్లలో పంది కాళ్లు మాత్రం మిగిలేవి. జనం వాటిని అడిడాస్ బూట్లు అని పిలుచుకున్నారు. దుకాణాలు ఖాళీగా ఉంటే, మీరు ఎక్కువ తింటున్నారు, ఇన్ని కేలరీలు చాలు అంటూ ప్రభుత్వం 'శాస్త్రీయ ఆహార కార్యక్రమం' ప్రకటించింది. అన్ని ఘోరాల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఆకలితో ఉన్నవాణ్ని నీది తిండిపోతుతనం అనడం.

అక్కడి చలికాలం మైనస్‌లోకి పోతుంది. ఇళ్లలో హీటర్లు 12 డిగ్రీలు దాటనివ్వలేదు. వంట గ్యాస్ ప్రెషర్ రాత్రి పూటే వచ్చేది, తల్లులు అర్ధరాత్రి లేచి వండేవాళ్లు. వీధి దీపాలు ఆర్పేశారు. టీవీ రోజుకు రెండు గంటలు, అందులో సగం ఆయన ప్రసంగాలే. కరెంటు పోయి ఇంక్యుబేటర్లలో పసిపిల్లలు చనిపోయారు. 1989 ఏప్రిల్‌లో అప్పు పూర్తిగా తీరిపోయిందని ప్రకటించాడు. ఇప్పుడైనా తిండి దొరుకుతుందని జనం ఎదురుచూశారు. క్యూలు అలాగే ఉన్నాయి.

ఇదే సమయంలో బుకారెస్ట్‌లో ఒక భవనం లేస్తోంది. భూకంపంలో కూలిన ఇళ్లను సాకుగా చేసుకుని పాత నగరంలో గుట్ట మీది పేటలకు పేటలే బుల్డోజర్లతో చదును చేశారు. 40 వేల మంది కొద్ది రోజుల గడువుతో ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. పదుల సంఖ్యలో చర్చిలు కూల్చారు. ఆ స్థలంలో 1984లో పునాది వేసిన 'ప్రజా భవనం' విస్తీర్ణం 3 లక్షల 65 వేల చదరపు మీటర్లు. కట్టడానికి వేలాది మంది సైనికులు, కూలీలు రాత్రింబవళ్లు మూడు షిఫ్టులు పనిచేశారు. ఆ తర్వాత పల్లెల వంతు. 13 వేల గ్రామాల్లో సగం తుడిచిపెట్టి రైతులను ఫ్లాట్లలోకి మార్చాలని 1988లో ప్రకటించాడు. అది పూర్తయ్యేలోపే ఆయన పని అయిపోయింది.

ఎవరూ ఎదురుతిరగలేదా?

తిరిగారు. 1977 ఆగస్టులో జియు లోయలో దాదాపు 35 వేల మంది బొగ్గు గని కార్మికులు పని ఆపేశారు. చౌషెస్కు స్వయంగా వెళ్లి వాళ్లతో మాట్లాడి ఒప్పుకున్నాడు. తర్వాత ముందు నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినీ వేరే ఊళ్లకు తరిమేశారు. 1968లో ఆ ప్రసంగం విని పార్టీలో చేరిన రచయిత పాల్ గోమా, 1977లో మానవ హక్కుల లేఖ రాసి జైలుకి, తర్వాత దేశం బయటికి వెళ్లాడు. 1979 పార్టీ మహాసభలో కాన్‌స్టాంటిన్ పుర్వులెస్కు అనే వృద్ధ వ్యవస్థాపక సభ్యుడు లేచి, ఈయన్ను మళ్లీ ఎన్నుకోవడానికి నేను ఒప్పుకోను అని అందరి ముందూ అన్నాడు. 1987 నవంబర్‌లో బ్రషోవ్ ట్రక్కుల ఫ్యాక్టరీ కార్మికులు పార్టీ ఆఫీసులోకి చొరబడి ఆయన ఫొటోలు తగలబెట్టారు. ఆ ఆఫీసులో వాళ్లకు దుకాణాల్లో కనపడని తిండి కనపడింది.

కానీ ఒకరి సంగతి ఒకరికి చేరేది కాదు. వేలమంది సెక్యురిటాటె అధికారులు, లక్షల్లో ఇన్‌ఫార్మర్లు. పక్కింటివాడు, సహోద్యోగి, ఒక్కోసారి ఇంట్లో మనిషే. 1983లో టైప్‌రైటర్లను కూడా పోలీసుల దగ్గర నమోదు చేయించాలని, అక్షరాల అచ్చు నమూనా ఇవ్వాలని చట్టం చేశారు. కరపత్రం దొరికితే ఏ మెషీన్‌దో తెలిసిపోవాలని. చివరికి మనుషులనే అమ్మారు. పశ్చిమ జర్మనీ తలకు ఇంత అని డబ్బు కడితే రుమేనియాలోని జర్మన్ జాతి వాళ్లను వదిలారు. రెండు లక్షల మందికి పైగా అలా వెళ్లారు.

డిసెంబర్

ఆ గోడ పగిలింది తిమిషోవారాలో. లాస్లో తోకేష్ అనే హంగేరియన్ పాస్టర్‌ను ఇల్లు ఖాళీ చేయించబోతే 1989 డిసెంబర్ 15న ఆయన చర్చి మనుషులు వచ్చి ఇంటి చుట్టూ నిలబడ్డారు. మరునాటికి ఊళ్లోని రుమేనియన్లూ వాళ్లతో కలిశారు. జాతుల మధ్య చిచ్చు పెట్టి పాతికేళ్లు నడిపిన రాజకీయం ఆ ఇంటి ముందు పనిచేయలేదు. 17న కాల్పులు. నలభైకి పైగా శవాలను దొంగచాటుగా బుకారెస్ట్ తీసుకెళ్లి కాల్చి, బూడిద మురుగునీటిలో కలిపారు. చౌషెస్కు ఆ మరునాడే ఇరాన్ పర్యటనకు వెళ్లాడు. 20న తిరిగొచ్చి, 1968లాగే ఒక్క ప్రసంగంతో జనాన్ని తన వైపు తిప్పుకోవచ్చనుకున్నాడు. ఫ్యాక్టరీల నుంచి కార్మికులను ఆ స్క్వేర్‌కి తోలించాడు. జీతాలు పెంచుతామన్నాడు. పరాయి శక్తులు మన స్వాతంత్ర్యాన్ని దెబ్బతీయాలని చూస్తున్నాయన్నాడు. అవి పాత మాటలే. వినే చెవులు మారిపోయాయి.

ఆ రాత్రి రాజధాని వీధుల్లో బారికేడ్లు లేచాయి. 22న రక్షణ మంత్రి మృతి వార్త వచ్చాక సైన్యం జనం వైపు తిరిగింది. భవనం పైకప్పు నుంచి హెలికాప్టర్‌లో పారిపోయిన దంపతులు తిర్గోవిష్తెలో దొరికారు. 25న, క్రిస్మస్ రోజు, గంట సేపు విచారణ. 60 వేల మందిని చంపారని అభియోగం మోపారు. ఆ లెక్క అబద్ధం. ఆ డిసెంబర్‌లో చనిపోయినవాళ్లు వెయ్యికి పైచిలుకు, అందులో ఎక్కువమంది ఆయన పారిపోయిన తర్వాత చనిపోయినవాళ్లు. డిక్రీ 770 గురించో ఆకలి గురించో సరైన కోర్టులో సాక్షులను పిలిచి విచారించి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. అలా జరగనివ్వడం ఆయన పక్కన నిన్నటిదాకా కూర్చున్నవాళ్లకు ఇష్టం లేదు. కొత్తగా పగ్గాలు పట్టిన ఇయోన్ ఇలియెస్కు పాత పార్టీ నాయకుడే. ఆ తర్వాతి చావులకు ఆయనే బాధ్యుడని ప్రాసిక్యూటర్లు 2018లో అభియోగం మోపారు. తీర్పు రాకుండానే 2025లో ఆయన చనిపోయారు.

తొంభైల్లో ధరలు మండిపోయాయి, గనులు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, లక్షలాది మంది కూలి పనులకు ఇటలీ, స్పెయిన్ వెళ్లారు. ఆ కష్టంలో చాలామందికి పాతకాలపు ఖాయమైన ఉద్యోగం, ఫ్లాటు గుర్తున్నాయి. చౌషెస్కు మంచి నాయకుడే అనేవాళ్లు అక్కడి సర్వేల్లో ఇప్పటికీ పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. వాళ్లను తప్పుపట్టాలని నాకు లేదు. 1968లో చప్పట్లు కొట్టినవాళ్లను కూడా తప్పుపట్టను.

ఆ డిసెంబర్‌లో తిమిషోవారాలో, బుకారెస్ట్‌లో తూటాలకు ఎదురు నిలబడ్డ కుర్రాళ్లలో చాలామందికి ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లు. అంటే 1967, 68లో పుట్టినవాళ్లు, డిక్రీ పిల్లలు. చౌషెస్కును కాల్చిన మరునాడు, డిసెంబర్ 26న, కొత్త ప్రభుత్వం మొట్టమొదట చేసిన పనుల్లో ఒకటి డిక్రీ 770ని రద్దు చేయడం. ఏడాది తిరిగేసరికి కాన్పులకు, గర్భాలకు సంబంధించి చనిపోయే తల్లుల సంఖ్య సగానికి పడిపోయింది.